మా మావగారు రంగు వెయ్యని కోటు

మా మావగారు పోయారన్న కబురు నాకు చెప్పింది మా ఆయన కాదు, మా తెలుగు సంఘం సెక్రటరీగారు. నేను ఆస్పత్రికి క్యారియరు సర్దుకుంటున్నాను. చారులో పోపు పెట్టడం ఒక్కటే మిగిలింది. ఆయన గుమ్మంలో నిలబడి, "అమ్మా, పెద్దాయన ఎల్లిపోయినారమ్మా. మీ ఆయన అక్కడే ఉండిపోయినాడు, నన్ను సెప్పమన్నాడు" అన్నారు. ఆ మాట నా లోపలికి దిగకముందే రెండో మాట అనేశారు. "యూనిఫారంలో ఉన్న మంచి ఫొటో ఏటైనా ఉందేటమ్మా? సంతాపసభకి కావాల."

కబురు చెప్పిన నోటితోనే ఫొటో అడిగినందుకు నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఇంకా చల్లారలేదు. పోయినవాళ్ళ గురించి మెత్తగా రాయాలంటారు. మీరు అలాంటిది చదవాలని కూర్చుంటే ఇక్కడితో ఆపేయండి. ఏడవడం నాకు ఆ వారంలోనే అయిపోయింది. మిగిలింది కోపం. దానితోనే రాస్తున్నాను.

ముందు ఆయనెవరో చెప్పాలి. గూడ్సు బండి గార్డు. ఖరగ్‌పూర్ నుంచి హౌరా వైపూ, టాటా వైపూ వెళ్ళే బళ్ళ వెనక బ్రేకు వ్యానులో కూర్చుని, ఎర్రజెండా పచ్చజెండా పట్టుకుని సగం జీవితం గడిపిన మనిషి. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికే అత్తగారు లేరు. ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో రెండు గదుల క్వార్టరు, ఒక వరండా, వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసే మా ఆయన, ఈయన. అంతే సంసారం. సంతాపసభలో ఎవరో లేచి, "పెద్దాయన అందర్నీ నవ్వుతూ పలకరించేవారు" అన్నారు. ఎవర్ని? ఇన్నేళ్ళు ఒకే కప్పు కింద ఉన్నాను. నాకు తెలిసి ఆయన నవ్వుతూ పలకరించిన మనిషి లేడు. సాసరు తడిగా ఉంటే టీ వెనక్కి పంపేవారు. చీపురు నిలబెట్టకుండా పడుకోబెడితే, దాన్ని చూసినంతసేపూ గొణిగేవారు. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఆయన తెల్లకోటుకుండే ఇత్తడి గుండీలు నేనే చింతపండుతో తోమేదాన్ని. ఒక్క గుండీ మసకగా ఉన్నా తొడుక్కునేవారు కాదు, డ్యూటీకి పిలవడానికొచ్చిన మనిషి బయట సైకిలు గంట కొడుతూ ఉన్నా సరే.

"గూడ్సు బండిలో మిమ్మల్ని చూసేదెవరు మావయ్యా, బొగ్గు తప్ప?" అని ఒకసారి విసుక్కున్నాను.

"డ్రైవరు సూస్తాడు. అంత దూరం నుంచి ఆడికి నా మొకం కనపడదు, కోటు కనపడతాది. కోటు సూసే బండి కదుపుతాడు. తెలిసిందేటి?"

తెలిసింది. కానీ తోమేది నేను కదా, అందుకని తెలియనట్టు మొహం పెట్టాను.

మా ట్రాఫిక్ చూడనివారికి ఇంకో సంగతి చెప్పాలి. ఇక్కడ ఏ తెలుగు ఇంటికి వెళ్ళినా పీటలు, ట్రంకు పెట్టెలు, దేవుడి అలమర, కిటికీ తలుపులు, అన్నీ ఒకటే రంగు. రైలు పెట్టెలకు వేసే ముదురు ఎరుపు. మేం బోగీ రంగంటాం. పారేసే డబ్బాల అడుగున గడ్డ కట్టినదాన్ని కిరసనాయిలు పోసి కరిగిస్తే ఓ పీటకు సరిపోతుంది. చూసి చూసి మా కళ్ళకు అది రంగులా కూడా కనబడదు. కర్ర అంటే ఆ రంగులోనే ఉంటుందనుకుంటాం. అందుకే, సంఘం వాళ్ళు దసరా బొమ్మల కొలువులో మొదటిసారి బొబ్బిలి కోట పెట్టినప్పుడు, కోట మీదికి వచ్చిన తెల్ల సిపాయిల బొమ్మలకు కూడా అదే పూసేశారు. చేతికి దొరికింది అది. వేరే కారణమేమీ లేదు.

బొబ్బిలి కథ తెలియనివారు ఉండవచ్చు, రెండు ముక్కల్లో చెబుతాను. రెండు వందల ఏళ్ళ కిందట విజయనగరం రాజుకీ బొబ్బిలి వాళ్ళకీ పడక, విజయనగరం రాజు ఫ్రెంచివాళ్ళ సైన్యాన్నీ ఫిరంగుల్నీ వెంటబెట్టుకుని బొబ్బిలి కోట మీదికి వెళ్ళాడు. కోట పడిపోయింది. శత్రువుల చేతికి చిక్కకూడదని లోపలున్న ఆడవాళ్ళనీ పిల్లల్నీ వాళ్ళ మనుషులే చంపుకున్నారు. ఇది మా వైపు పిల్లలకు ఉగ్గుపాలతో పట్టే కథ. ఆ కోట ముందర నిలబడ్డ తెల్లవాళ్ళు ఫ్రెంచివాళ్ళు. ఇంగ్లీషువాడు ఆ యుద్ధంలో లేడు.

కానీ బొమ్మలు ఎర్రగా ఉన్నాయి, ఎర్రకోటంటే ఎవరికైనా ఇంగ్లీషు సిపాయే. దుర్గాపూజ రోజుల్లో ఖరగ్‌పూర్ అంతా పందిరి నుంచి పందిరికి తిరుగుతూ ఉంటుంది. బెంగాలీ కుటుంబాలు ఊరి అవతలున్న ఇందా పేట నుంచి కూడా వచ్చి, మా సంఘం హాల్లోకి తొంగిచూసి మరీ వెళతాయి. మొదటి ఏడే ఎవరో ఎర్రకోట్లు చూసి, "ఇంగ్రేజ్?" అని అడిగారు. సెక్రటరీగారు అవునన్నారు. ఆ తరవాత ఆయన చేతికి ఒక సన్నటి కర్ర వచ్చింది. దానితో ఒక్కో సిపాయినీ చూపిస్తూ, "ఇంగ్రేజ్‌దేర్ షొంగే జుద్ధో", ఇంగ్లీషువాళ్ళతో మా యుద్ధం, అని చెప్పడం అలవాటైపోయింది. స్వాతంత్ర్యం వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. మావాళ్ళకు ఛాతీలు పొంగాయి. ముందు రంగొచ్చింది, దాని వెనకాల చరిత్ర వచ్చింది. ఇలాంటి తప్పు ప్రపంచంలో ఇంకెవరైనా చేస్తారేమో కానీ, మిగిలిపోయిన బోగీ రంగుతో చెయ్యగలిగినవాళ్ళం మేమే.

మావగారు రిటైరైన ఏడు ఆ బొమ్మల్లో సగం చెదలు తినేశాయి. ఆయనకు కర్ర చెక్కే చెయ్యి ఉంది. కొత్తవి చెయ్యమని సెక్రటరీగారే స్వయంగా వచ్చి అడిగారు. మావగారు మా వైపు నుంచి అంకుడు కర్ర తెప్పించుకుని, ముందు ఒక్క సిపాయిని చెక్కారు. బెత్తెడు ఉంటాడు. ఇది బాగా కుదిరితే దీన్ని చూసి మిగతావి చేస్తానన్నారు. మొహానికి రంగు వేశారు, మూడు మూలల టోపీకి నలుపు వేశారు, తుపాకీకీ బూట్లకీ వేశారు. మీసం కూడా పెట్టారు. కోటు దగ్గరికొచ్చేసరికి కుంచె కడిగి, ఆరబెట్టి, పాత లైను బాక్సులో పెట్టేశారు. అది ఆయన డ్యూటీలో జెండాలూ దీపమూ మోసిన పెట్టె.

"ఏం మావయ్యా, ఆపేశారు?"

"ఈడు ఫ్రెంచోడు. ఫ్రెంచోడి కోటు ఏ రంగో నాకు తెల్దు."

ఆ తెలియకపోవడం ఎన్నేళ్ళు సాగిందంటే, ఈలోగా నాకు పెద్దాడు పుట్టాడు, చిన్నది పుట్టింది, ఇంటికి కరెంటు ఫ్యాను వచ్చింది. సాయంత్రం టీ తాగాక వరండాలో గ్లాసు బోర్లించి దాని మీద ఆ సిపాయిని నిలబెట్టి, వేలితో తిప్పుతూ, "ఏట్రా, సెప్పవా?" అని అడిగేవారు. మనుషుల్ని అంత ముద్దుగా ఎప్పుడూ అడగలేదు.

ఎక్కడెక్కడ వెతికారో చెబితే నవ్వుతారు. రైల్వే వాళ్ళలో ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు కుటుంబం ఊరు వదిలి వెళ్ళిపోతూ సామాన్లు అమ్ముకుంటోందని తెలిసి, వాళ్ళింట్లో పాత యుద్ధాల బొమ్మల పుస్తకం ఉందేమోనని వెళ్ళారు. ఉంది. అన్నీ నలుపు తెలుపు అచ్చు బొమ్మలు. వాటిలో ఏ కోటైనా కాగితం రంగులోనే ఉంటుంది, అది ఎర్రదైనా నీలమైనా. ఇంటికొచ్చి గడపలో కూర్చుని ఆ పుస్తకాన్ని తిట్టారు. కలకత్తాలో పాత పుస్తకాలు అమ్మే వీధిలో రంగుల బొమ్మ ఒకటి దొరికింది. నీలం కోటు వేసుకున్న ఫ్రెంచి సిపాయి, టోపీకి ఈకతో సహా. నేను సంతోషించాను. హమ్మయ్య, నీలం వేసేస్తే మా వరండా ఖాళీ అవుతుందనుకున్నాను. ఆయన కింద రాసున్నది స్కూలు మాస్టారుచేత చదివించుకొచ్చి, బొమ్మ పక్కన పడేశారు. అది బొబ్బిలికి చాలా తరవాతి కాలపు కోటట.

"ఎనకాల వొచ్చే బండిది సిగ్నలు. దాన్ని సూసి మన బండి ఎలగ తోల్తాం?"

చందననగర్‌కి నన్ను కూడా తీసుకెళ్ళారు. మొన్నమొన్నటిదాకా ఫ్రెంచివాళ్ళ ఊరు కదా, అక్కడ తెలిసినవాడు ఒక్కడైనా ఉండడా అని ఆయన ఆశ. నా బెంగాలీ ఆయన బెంగాలీ కంటే నయమని నేను. గంగ ఒడ్డున రోడ్డంతా నడిపించారు. చివరికి, ఫ్రెంచివాళ్ళ రోజుల్లో ఏదో ఆఫీసులో పనిచేసిన ఒక పెద్దాయన ఇంటికి ఎవరో దారి చూపించారు. పాపం, మమ్మల్ని కూర్చోబెట్టి మర్యాద చేశాడు. తెల్లగుడ్డ కప్పిన పడకకుర్చీలో కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. వాళ్ళ దేశంలో రాజుగారి సైన్యానికి తెల్లకోట్లుండేవని చదివానన్నాడు. అయితే ఇక్కడికొచ్చినవాళ్ళు రాజుగారి మనుషులు కాదు, కంపెనీ మనుషులు, వాళ్ళవి నీలమని కూడా విన్నానన్నాడు. ఇంకాస్త ఆలోచించి, ఈ ఎండలో అసలు కోట్లు తొడుక్కునేవారో, ఉత్త చొక్కాలతోనే కొట్టుకునేవారో అని కూడా అన్నాడు. "కే జానే", ఎవరికి తెలుసు, అని నవ్వాడు. మావగారు నవ్వలేదు.

బయటికొచ్చాక నా ఓపిక అయిపోయింది. "తెలుపో నీలమో ఏదో ఒకటి పూసెయ్యండి మావయ్యా. అటొచ్చి అడిగే మనిషెవరు? ఆ సిపాయే లేచొచ్చి కాదంటాడా?" అన్నాను, రోడ్డు మీదే, గట్టిగానే.

ఆయన ఆగారు. కోప్పడతారనుకున్నాను. "తెలీనిది ఖాళీగా ఒగ్గీ అమ్మా" అన్నారు. "ఖాళీగా ఉంటే అడుగుతారు. నింపీసినావంటే ఇంకెవుడూ అడగడు."

అప్పుడు ఆ ఊరి మిఠాయి కొనిపెట్టారు, లోపల పానకం ఉండే సందేశ్. నాకు తెలియక గట్టిగా కొరికాను. పానకమంతా నా కొత్త చీర మీద కారింది. మావగారు నవ్వారు. నోరంతా తెరిచి, భుజాలు కదిలేలా నవ్వారు. ఆ ఒక్కసారే. సంతాపసభలో "నవ్వుతూ పలకరించేవారు" అన్న పెద్దమనిషికి ఈ నవ్వు గురించి చెప్పాలనిపించింది, కానీ అది నాది. ఆయనకెందుకు ఇవ్వాలి?

ఆ ప్రయాణం నుంచి వచ్చాక కోటును చెక్కగానే వదిలేశారు. సుద్ద పూత కూడా వెయ్యలేదు. అది వేస్తే తెల్లకోటు అనుకుంటారట. కర్ర కర్రలా కనబడాలన్నారు. అలా కనబడేలా గరుకు కాగితంతో ఎంతసేపు రుద్దారో, కోటు మడతల్లో కర్ర గీతలు నీటి అలల్లా తేలాయి.

సెక్రటరీగారితో గొడవ దీనికి ముందే మొదలైంది. న్యాయంగా చెప్పాలంటే ఆయన చెడ్డవాడు కాదు. ఆయనది విజయనగరమూ కాదు, బొబ్బిలీ కాదు, టెక్కలి వైపు. సంఘంలో సగం మంది అటువాళ్ళు, సగం మంది ఇటువాళ్ళు. ఒకప్పుడు, నేను రాకముందు, వనభోజనాల్లో ఎవరో బొబ్బిలి మాట ఎత్తితే విస్తళ్ళ దగ్గర నుంచి లేచిపోయి కొట్టుకున్నారట. వండిన పులిహోర అలాగే ఉండిపోయిందట. ఆ రోజు నుంచి ఆయనకు ఒకటే భయం.

ఓ సాయంత్రం మా వరండాలో కూర్చుని మావగారికి నచ్చజెప్పారు. "బావూ, పరాయి ఊరొచ్చి బతుకుతున్నాం. మనోల్ని మనోలే పొడుసుకున్నారని బెంగాలీలకి కొలువు పెట్టి సూపుకుంటామేటి? ఇంగ్లీసోడి మీద తోసీండి. ఆడు ఎలాగా ఎల్లిపోయినాడు. అడిగేదెవుడు?"

"ఆడు సెయ్యనిది ఆడి మీద ఎలగ తోస్తాం?"

"ఆడు సేసినవి శానా ఉన్నాయి కదా. ఇదొకటి కలిపితే ఏటైపోద్ది?"

"ఆడికేటీ అవదు. మనకవుద్ది. ఎవుర్ని తెచ్చినామో మరిసిపోతాం."

"తెచ్చింది రాజు. మనం కాదు కదా."

అప్పుడు మావగారు చెప్పిన మాట నేనూ అదే మొదటిసారి వినడం. తలుపు చాటున నిలబడి విన్నాను. "మాది ఇజీనగరం పక్క ఊరు. మా ముత్తాత తాతో, ఆయన తండ్రో, ఆ ఫిరంగి బళ్ళకి ఎడ్లు తోలినాడట. మా నాయనమ్మ సెప్పీది. బొబ్బిలి దాకా తోల్కెళ్ళి ఒగ్గేసి, తిరిగొచ్చి, మళ్ళీ ఎప్పుడూ ఎడ్లని కట్టలేదట. ఎవుడి ఫిరంగి మోసినాడో, ఆడి కోటు ఏ రంగో తెలుసుకోకుండా నేను ఎర్రరంగు పూసీమంటావేటి? మా ముసిలోడు ఇంగ్లీసోడికి ఎడ్లు తోల్లేదు బావూ."

సెక్రటరీగారు టీ సగం తాగి లేచారు. గుమ్మం దిగుతూ, "ఎర్రగా ఉంటే ఏటి నష్టమండీ, అందంగా ఉంటాది" అన్నారు, తేలిగ్గా, మాట మార్చడానికి.

"నేను గార్డుని" అన్నారు మావగారు. "ఎరుపు ఊరికే సూపకూడదు."

ఇది మా ఇంట్లో సామెతలా... కాదు, సామెత కంటే ఎక్కువగా వాడేవారు. పెద్దాడు ఎర్ర చొక్కా కావాలని ఏడ్చినా అదే మాట. నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు రావడం లేదు.

ఆ తరవాత ఏటా దసరా ముందు సంఘం నుంచి సిపాయి కోసం మనిషి వచ్చేవాడు. ఏటా మావగారు, "ఇంకా అవలేదు" అనేవారు. చెదలు వదిలేసిన పాత ఎర్రకోట్లవాళ్ళే కోట ముందు నిలబడేవారు. కొలువు చూడ్డానికి వచ్చేవాళ్ళలో మేం బొబ్బిలి మామ్మ అని పిలిచే ముసలావిడ ఒకరుండేవారు. ఆవిడ పుట్టింది బొబ్బిలిలోనే, కొడుకు ఇక్కడ యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మాను. కోట ముందు నిలబడి, మెట్టు మీద చిటికెడు కుంకుమ వేసి వెళ్ళిపోయేవారు. ఆవిడ కోట ముందు ఉన్నంతసేపూ సెక్రటరీగారి కర్ర కదిలేది కాదు, ఆవిడ గుమ్మం దాకా వెళ్ళాక మళ్ళీ మొదలయ్యేది. అది నేను గమనించాను.

ఈ ఏడు వానలు తగ్గే రోజుల్లో మావగారికి ఆయాసం ముదిరి ఆస్పత్రిలో చేర్చాం. మంచం మీద కూడా సాసరు గురించి తిట్టారు. ఆఖరి రోజు పొద్దున నేను వెళ్ళేసరికి మాట సన్నగిల్లింది. "సిపాయి మీద దుమ్ము దులిపినావేటమ్మా?" అన్నారు. దులిపాననే చెప్పాను. నిజంగానే దులిపాను, ఆ పొద్దున్నే, తడిగుడ్డతో కాదు, పొడిగుడ్డతో, ఆయన నేర్పినట్టే. "కోటు దగ్గిర మెల్లిగా" అన్నారు. ఆయన నాతో అన్న చివరి మాట అది. జాగ్రత్త అని కాదు, పిల్లల్ని చూసుకో అని కాదు. కోటు దగ్గర మెల్లిగా.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి వరండాలో బోర్లించిన గ్లాసు ఉంది, దాని మీద సిపాయి లేడు. మా ఆయన నా బదులు ఆస్పత్రికి బయల్దేరుతూ, "సంఘం వోళ్ళు వొచ్చి అడిగినారు, దసరాకి సూసుకుంటామన్నారు. ఇచ్చినాను" అన్నారు. మా ఆయన ఎవరడిగినా ఇచ్చేస్తారు, అదొక జబ్బు. రేపు వెళ్ళి తెచ్చుకుందామని ఊరుకుని రాత్రి వంట మొదలుపెట్టాను. పోపు పెట్టలేదని ముందే చెప్పాను కదా.

సంతాపసభ సంఘం హాల్లోనే జరిగింది. ముందు బల్ల మీద తెల్లదుప్పటి, దాని మీద ఆయన ఫొటో, యూనిఫారంలో ఉన్నదే, నేనే వెతికి ఇచ్చాను. ఫొటోకి దండ. ఫొటో పక్కన, పాదాల దగ్గర పెట్టినట్టు, సిపాయి.

ఎర్రకోటు తొడుక్కున్నాడు.

తళతళలాడే కొత్త బోగీ రంగు. ఇంకా వాసన వస్తోంది. కోటు మడతల్లో చిక్కగా నిలిచిపోయింది, గుండీలు మునిగిపోయాయి. ఎవరు పూశారో మంచి చెయ్యి కూడా కాదు, మెడ మీద ఒక చుక్క, మీసం మీద ఒక చుక్క. చాప మీద ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాను. సెక్రటరీగారు లేచి, గొంతు సవరించుకుని మాట్లాడారు. పెద్దాయన సంఘం కోసం చేసిన సేవ చెప్పారు. చెప్పి, ఆ బొమ్మ వైపు చెయ్యి చాపి, "ఆరోగ్యం సహకరించక ఆయన అసంపూర్తిగా వొదిలీసిన పని ఇది. మన సంఘం పూర్తి సేసింది. ఆయన ఆత్మకి శాంతి" అన్నారు. అందరూ తలలూపారు. ఒకళ్ళిద్దరు కళ్ళు తుడుచుకున్నారు.

పూర్తి చేశారట! ఊరూరూ తిరిగి, ముసలి కాళ్ళతో మెట్లెక్కి దిగి, తెలియదు అని తెలుసుకుని, ఆ తెలియకపోవడాన్ని అంత శుభ్రంగా, అంత నున్నగా రుద్ది నిలబెట్టిన మనిషి. దాన్ని వీళ్ళు ఆరోగ్యం సహకరించకపోవడం అన్నారు. బతికుండగా ఆయన కాదన్న అబద్ధాన్ని, నోరెత్తే వీలు లేనప్పుడు ఆయన ఫొటో పక్కనే నిలబెట్టి, ఆయన చేతే చెప్పించారు. ఇంతకంటే అవమానం నాకు తెలియదు. ఆయన మీద కూడా కోపం వచ్చింది. ఏదో ఒక రంగు మీరే వేసేసి ఉంటే ఈ ఎరుపు పడేది కాదు కదా మావయ్యా, ఖాళీగా ఉంచితే అడుగుతారన్నారే, ఎవరడిగారు, నింపేశారు కదా అని.

లేచాను. మగవాళ్ళ మధ్యలోంచి నడిచి వెళ్ళి, సిపాయిని తీసి కొంగులో చుట్టుకున్నాను. చెయ్యంతా ఎర్రగా అంటుకుంది.

సెక్రటరీగారు బిత్తరపోయారు. "అమ్మా, అది సంఘానిదమ్మా. సంఘం సెయ్యమంటేనే సేసినారు."

"కర్ర సంఘానిదే" అన్నాను. "కోటు మా మావయ్యది."

"ఎందుకమ్మా పాతయి తవ్వడం. అందరం కలిసున్నాం కదా. బొబ్బిలోళ్ళ మనసు మళ్ళీ కష్టపెడతారేటి?"

వెనక చాప మీద నుంచి ఒక గొంతు వచ్చింది. బొబ్బిలి మామ్మ లేవలేదు, కూర్చునే అన్నారు. "మా పేరు సెప్పకు నాయినా. మాకు తెల్దేటి ఎవులొచ్చినారో? మా ముసిలోలు ఇంగ్లీసోడి పేరెట్టి ఏడవలేదు. ఏటేటా నువ్వు కర్రెట్టి సెప్తుంటే ఇన్నాను, మీరేదో సల్లగా ఉండాలని ఊరుకున్నాను. ఆ పిల్లని తీసుకెళ్ళనీ."

హాల్లో ఎవరూ కొట్టుకోలేదు. ఎవరూ లేచిపోలేదు. అటువాళ్ళూ ఇటువాళ్ళూ ఎక్కడివాళ్ళక్కడే కూర్చుని నేల చూశారు. ఇన్నేళ్ళుగా ఏ గొడవ కోసం ఇంత అబద్ధాన్ని కాపలా కాశారో, ఆ గొడవే అక్కడ లేదు.

మర్నాడు మామ్మ మా వరండాకి వచ్చారు. నేను టర్పెంటైనులో గుడ్డ ముంచి సిపాయిని తుడుస్తున్నాను. ఆవిడ పక్కన కూర్చుని, పెట్టిన కాఫీ తాగి, తలలోంచి పిన్ను తీసి గుండీల చుట్టూ గీకడం మొదలుపెట్టారు. కళ్ళు సరిగ్గా ఆనవు, అయినా మెల్లిగా గీకారు. "మీ మావకి రంగు తెలిసిందేటమ్మా?" అని ఒకసారి అడిగారు. తెలియలేదన్నాను. "అలగైతే ఇలగే బావుంది" అన్నారు. చాలావరకు పోయింది. కర్ర గీతల్లోకి దిగినది పోలేదు. ఎంత రుద్దినా అలల మధ్య సన్నటి ఎర్ర జీరలు ఉండిపోయాయి. ఇక రుద్దితే కోటు అరిగిపోతుందని ఆపేశాను.

దసరాకి మాకు ఏటి సూతకం. ఏడాది లోపు కొలువు ఉన్న గదిలోకి మేం అడుగు పెట్టకూడదు. అందుకని హాలు గడప బయట నిలబడ్డాను. మామ్మ నా చేతిలోంచి సిపాయిని తీసుకుని లోపలికి వెళ్ళి, కోట ముందున్న ఎర్రకోట్ల వరసలో, సరిగ్గా మధ్యన, ఆవిడే నిలబెట్టారు. చిటికెడు కుంకుమ వేసి, మెట్టు పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నారు. సెక్రటరీగారు చూశారు. తియ్యలేదు.

సాయంత్రం బెంగాలీ కుటుంబం ఒకటి వచ్చింది, అమ్మా నాన్నా, కొత్త గౌను వేసుకున్న పాప. సెక్రటరీగారు కర్ర అందుకుని ఎప్పటిలాగే మొదలుపెట్టారు. మొదటి ఎర్రకోటు, ఇంగ్రేజ్. రెండో ఎర్రకోటు, ఇంగ్రేజ్. కర్ర జరిగి మూడోవాడి మీదికి వచ్చింది. "ఆర్ ఏ కే?" అంది పాప. మరి ఇతనెవరు?

కర్ర ఆగింది. ఆయన మామ్మ వైపు చూశారు. తరవాత గడప బయట ఉన్న నా వైపు చూశారు. పాప తల పైకెత్తి ఎదురుచూస్తోంది, వాళ్ళమ్మా నాన్నా ఎదురుచూస్తున్నారు, వెనకాల ఇంకో కుటుంబం వచ్చి నిలబడింది. సన్నటి ఆ కర్ర చివర, రంగు లేని ఆ కోటు మీదే ఉండిపోయింది.